నలభై ఒకటో నంబరు కోటు

ఆసుపత్రి లాండ్రీలో కోట్లకు పేర్లుండవు, నంబర్లుంటాయి. కాలరు లోపలివైపు, మెడ తగిలే చోట, నల్ల ఇంకుతో రాసిన నంబరు. ఏ నంబరు ఎవరిదో పై అంతస్తుల్లో ఎవరికీ పట్టదు. కింద నేలమాళిగలో ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడే మనిషికి మాత్రం అన్నీ తెలుసు. పన్నెండో నంబరు జేబులో ఎప్పుడూ పెన్ను కక్కి ఉంటుంది. యాభై ఆరో నంబరు గుండీలు పళ్లతో కొరుకుతాడు. నలభై ఒకటి వారానికి నాలుగు కోట్లు దింపుతాడు. నాలుగింటికీ కుడి మోచేతి దగ్గర సుద్ద. పాఠాలు చెప్పే మనిషి.

ఆ నలభై ఒకటిని ఆమె ఆరేళ్లుగా ఇస్త్రీ చేస్తోంది. ఆరేళ్లలో ఒక్కసారీ మాడ్చలేదు. మాడిస్తే ఒక కోటు పోతుంది, అంతే. ఆమెకు ఒక కోటు చాలదు.

లాండ్రీలో ఆమెని ఉక్కుచెయ్యి అంటారు. ఆ పేరు పెట్టింది బాయిలరు దగ్గర పనిచేసే పెద్దాయన. అందరికీ ఆయన బాబాయే. ఆవిరి ప్రెస్సులోంచి దుప్పటి తీయాలంటే మిగతా ఆడవాళ్లు చేతికి గుడ్డ చుట్టుకునేవాళ్లు. ఆమె వట్టి చేత్తో తీసేది.

"ఉక్కుచెయ్యీ, ఆ నాలుగూ నువ్వే లాగమ్మా. మావి మామూలు మనుషుల చేతులు" అనేవాడు బాబాయి.

మొదట్లో ఆమెకు గర్వంగానే ఉండేది. వేడి పనులన్నీ ఒక్కొక్కటిగా ఆమె బల్ల మీదకు చేరాయి. ఒకరోజు ఏదో కాలిన వాసన వచ్చింది. కోటు ఎత్తి చూసింది, బల్ల మీది మెత్త చూసింది, ప్లగ్గు చూసింది. పక్కనున్న మనిషి కేక పెడితే అప్పుడు చూసుకుంది. కాలుతున్నది ఆమె చిటికెనవేలు. ఇస్త్రీపెట్టె అంచుకి ఆని ఉంది.

రెండోది తలనొప్పి. అది మామూలు తలనొప్పిలా రాదు. ఊరికే కూర్చుంటే ఏమీ ఉండదు. దగ్గితే, తుమ్మితే, మూట ఎత్తితే, నవ్వితే తల వెనక, మెడ మొదట్లో మేకు దిగేసినట్టు పొడుస్తుంది. నిమిషం ఉండి పోతుంది. పోయాక అడిగినవాళ్లకి చూపించడానికి ఏమీ మిగలదు.

ఇంట్లో దీనివల్ల చిక్కొచ్చి పడింది. ఆమె ఆడపడుచు అదే ఆసుపత్రి రికార్డు రూములో గుమాస్తా. నోరు తెరిస్తే పదిమందిని నవ్వించే రకం.

"నవ్వించకే తల్లీ, నీకు పుణ్యముంటుంది" అని తల పట్టుకునేది ఆమె.

"మా వదిన నవ్వు కూడా ఆచితూచి ఖర్చుపెడుతుంది" అనేది ఆడపడుచు.

రానురాను ఆమె నవ్వడం మానేసింది. మొగుడు తాళాలు బాగుచేస్తాడు, మాట తక్కువ మనిషి. ఏడాదిపాటు చూసి చూసి ఒకరోజు అడిగాడు, "నా మీద ఏమన్నా కోపమా?"

"లేదు."

"మరి మొహం అలా గంటు పెట్టుకుని ఉంటావేం?"

"తల" అంది ఆమె.

ఆయన నమ్మినట్టే తలూపాడు. నమ్మలేదని ఆమెకు తెలుసు.

ఆరేళ్ల కిందట, వేలు కాలిన వారానికి, ఆమె సిబ్బంది చూపించుకునే పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన ఆమెని గదిలో కాకుండా వార్డులో, మంచం మీద కూర్చోబెట్టి చూశాడు. చుట్టూ పదకొండుమంది విద్యార్థులు. ఆమె లెక్కపెట్టింది. చెప్పిందంతా విని ఆయన సూది తీశాడు.

"కళ్లు మూసుకో. ఈ సూదితో గుచ్చుతాను. నొప్పి తెలిస్తే అవునను. తెలియకపోతే కాదను. సరేనా?"

"సరే సార్."

గుచ్చాడు. "కాదు" అంది. గుచ్చాడు. "కాదు" అంది. కాసేపు ఊరుకున్నాడు. ఆమె కూడా ఊరుకుంది. మళ్లీ గుచ్చాడు. "కాదు" అంది. ఆరుసార్లు అలా అయ్యాక ఆమెని కళ్లు తెరవమని విద్యార్థుల వైపు తిరిగాడు.

"చూశారా? గుచ్చినప్పుడల్లా కాదంది. గుచ్చనప్పుడు నోరు మెదపలేదు. అమ్మాయ్, నీకు నిజంగా తెలియకపోతే, కాదు అని ఎప్పుడు చెప్పాలో నీకెలా తెలిసింది?"

పదకొండుమందీ నవ్వారు.

"తగిలినట్టు తెలుస్తోంది సార్. నొప్పే తెలియట్లేదు" అంది ఆమె.

"తగిలేది తగిలి, నొప్పి మాత్రం దారి తప్పి ఎక్కడికి పోయిందమ్మా? పక్కింటికా?"

మళ్లీ నవ్వారు. ఆయన కార్డు తీసి, తేదీ వేసి, ఒక్క మాట రాశాడు. నటన. కింద సంతకం పెట్టాడు. ఆ నలభై ఒకటో నంబరు కోటు ఆయనదే.

ఆ కార్డు ఆమె ఎక్కడికెళ్తే అక్కడికి ఆమెకంటే ముందు వెళ్లింది. ఎముకల డాక్టరు కార్డు తెరిచాడు, చదివాడు, మూశాడు. కళ్ల డాక్టరూ అంతే. చెవుల డాక్టరు ఆమె మొహం కూడా చూడలేదు. "రెస్టు తీసుకోమ్మా, ఆలోచనలు తగ్గించుకో" అన్నాడు. లాండ్రీకి ఆ మాట ఎలా దిగిందో గాని నెల తిరక్కుండా దిగింది. ఆమె సెలవడిగితే సూపర్‌వైజరు "ఈసారి ఏ వేషం?" అనేవాడు.

ఇలా ఆరేళ్లు గడిచాయి. ఎడమచేతి వేళ్లు సన్నబడ్డాయి. గుండీ పెట్టుకోవడం కష్టమైంది. నీళ్లు తాగితే ఒక్కోసారి పొలమారుతోంది. ఆమె ఎవరికీ చెప్పలేదు. ప్రతి గురువారం నలభై ఒకటో నంబరు కోట్లు నాలుగూ ఇస్త్రీ చేసి, మడత పెట్టి, పైకి పంపింది.

ఒక సోమవారం నరాల విభాగంలో పనిచేసే చిన్న డాక్టరమ్మ కోటు కోసం తనే కిందికి వచ్చింది. ఆమెది డెబ్భై మూడో నంబరు. కోటు మీద కాఫీ ఒలికింది, అరగంటలో రౌండ్లు. ఉక్కుచెయ్యి కోటు అందుకుని, మరక కడిగి పిండి, ఇస్త్రీపెట్టె వేడెక్కిందో లేదో చూడటానికి దాని మీద నీళ్లు చిలకరించింది. నీళ్లు చుయ్యిమన్నాయి. ఎడమచేత్తో కోటు సర్దుతూ, చెయ్యి ఇస్త్రీపెట్టె పక్కకి తగిలినా తీయలేదు.

"అయ్యో, చెయ్యి!" అని డాక్టరమ్మ ఆ చెయ్యి పట్టుకుని లాగింది. లాగిన చెయ్యి వదల్లేదు. వేళ్ల మీద పాత మచ్చలు చూసింది. తిప్పి చూసింది. రెండో చెయ్యి కూడా అడిగింది.

"ఎన్నాళ్లుగా ఇలా?"

"కోటు ఆరిపోతుంది, ఇస్త్రీ చేయనివ్వండి."

"కోటు తగలెయ్యండి. తలనొప్పి వస్తుందా? దగ్గితే?"

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. ఆరేళ్లలో ఆ ప్రశ్న ఆమెని ఎవరూ అడగలేదు.

"దగ్గితే, తుమ్మితే, నవ్వితే" అంది.

డాక్టరమ్మ రౌండ్లు అయ్యాక మళ్లీ వచ్చింది. రెండు గాజు గొట్టాలు తెచ్చింది. ఒకదాన్లో బాయిలరు నీళ్లు, ఒకదాన్లో కుళాయి నీళ్లు పోసింది. ఆమెని కళ్లు మూసుకోమని, ఒక్కో గొట్టం చేతికి, భుజానికి ఆనించి, వేడా చల్లనా అడిగింది. ఆమె చెప్పినవాటిలో సగం తప్పులు. ఆ పైన దూదితో తాకింది. అన్నీ సరిగ్గా చెప్పింది. కాళ్ల మీద గొట్టాలు పెడితే వేడీ చల్లనా అన్నీ సరిగ్గా చెప్పింది.

బాబాయి పక్కనే నిలబడి చూస్తున్నాడు. "ఏంటమ్మా, మా ఉక్కుచెయ్యికి?" అని అడిగాడు.

"ఉక్కు కాదు, జబ్బు" అంది డాక్టరమ్మ.

గురువారం స్కానింగ్ తీశారు. శనివారం డాక్టరమ్మ ఆమెనీ మొగుడినీ కూర్చోబెట్టి ఫిల్ము వెలుతురు మీద పెట్టింది.

"ఇది పుట్టుకతో వచ్చింది. పుర్రె వెనక మెదడుకి ఉండాల్సిన చోటు మీకు తక్కువ. చాలక మెదడు కొసలు రెండు, పుర్రె కింద ఉండే రంధ్రంలోంచి మెడలోకి దిగాయి. ఇవే. దగ్గినా నవ్వినా లోపలి నీళ్లు పైకీ కిందికీ పోవాలి. అక్కడ ఇవి బిరడాలా అడ్డం. అందుకే ఆ నొప్పి."

తాళాల ఆయన ఫిల్ముకి దగ్గరగా వంగాడు. "తాళంలో తాళంచెవి ఇరుక్కుపోయినట్టు" అన్నాడు.

"అంతే. ఆ ఒత్తిడికి వెన్నుపాము మధ్యలో నీళ్లు చేరి సంచిలా అయింది. ఇదిగో, ఈ తెల్లగీత. నొప్పీ వేడీ తెలిపే నరాలు సరిగ్గా ఆ మధ్యలోంచి దాటుతాయి. అవి తెగుతున్నాయి. తగిలితే తెలిపే నరాలు వేరే దారిలో వెళ్తాయి. అవి బాగున్నాయి."

ఆమె ఆ తెల్లగీత మీద వేలు పెట్టింది. "అంటే, సూదితో గుచ్చితే గుచ్చినట్టు తెలుస్తుంది. నొప్పి తెలియదు."

"అవును. ఈ జబ్బుకి అదే గుర్తు."

"ఆరేళ్ల కిందట ఈ ఫిల్ము తీసుంటే?"

డాక్టరమ్మ వెలుతురు ఆర్పింది. ఫిల్ము తీసి కవర్లో పెట్టింది. "చేతులు చాలావరకు మిగిలేవి. ఇప్పుడు ఆపరేషను చేస్తే ఇంకా పోకుండా ఆపొచ్చు. పోయింది తిరిగొస్తుందని చెప్పలేను. మింగడం కూడా కష్టమవుతోంది కాబట్టి ఆలస్యం చేయకూడదు."

మొగుడు కాగితాలు తీసుకోవడానికి బయటికి వెళ్లాడు. డాక్టరమ్మ తలుపు వేసింది.

"మీకొకటి చెప్పాలి. ఆ రోజు ఆ మంచం చుట్టూ ఉన్న పదకొండుమందిలో నేనూ ఉన్నాను. నేనూ నవ్వాను. ఆయన ఇప్పటికీ ప్రతి ఏడాదీ కొత్త బ్యాచికి మీ కథ చెప్తాడు. ఇస్త్రీ మనిషి కథ అంటారు. ఆ మెలిక ప్రశ్నకి మొన్న మీ చెయ్యి చూసేదాకా నాకూ జవాబు తట్టలేదు."

ఆమె చూపు ఆ పిల్ల కాలరు మీద ఆగింది.

"మీ కోటు నంబరు డెబ్భై మూడు కదూ?"

"అవును. ఎందుకు?"

"గుర్తుంచుకుంటాలే" అంది ఆమె.

ఆ రాత్రి ఇంట్లో మొగుడూ ఆడపడుచూ ఆపరేషను తేదీ గురించి మాట్లాడుతుంటే ఆమె అడ్డొచ్చింది.

"ఆ కార్డు మీద ఆ మాట ఉండగా నేను ఆపరేషను బల్లెక్కను."

"ఏ మాట?" అన్నాడు మొగుడు. చెప్పింది. ఆయనకి ఆ సంగతి అంతవరకూ తెలియదు. తలవంచుకున్నాడు.

"వదినా, కార్డుకి వైద్యమా, నీకా?" అంది ఆడపడుచు.

"రేపు బల్ల మీద నేను పోతే నా చివరి కాగితం అదే. నటిస్తూ పోయిందని రాసినట్టుంటుంది. ఎవడు రాశాడో వాడే, పదిమంది ముందు రాసినవాడు పదిమంది ముందు కొట్టెయ్యాలి. అది చూశాకే."

"నీకు పొలమారుతోంది. నేను వినలేదనుకున్నావా?" అన్నాడు మొగుడు.

"విని ఏం చేశావ్?"

ఆయన లేచి వెళ్లి పాత తాళమొకటి ముందేసుకున్నాడు. అది విప్పాడు, బిగించాడు, మళ్లీ విప్పాడు. కాసేపటికి అక్కడి నుంచే అడిగాడు, "ఆ మాట ఎప్పుడు కొట్టేయిస్తావ్?"

ఆసుపత్రిలో ప్రతి బుధవారం ఒక సమావేశం జరుగుతుంది. ఎవరికీ తెలియని రోగిని తెచ్చి మంచం మీద కూర్చోబెడతారు. కార్డు మూసి బల్ల మీద పెడతారు. ఆ రోజు అధ్యక్షుడు కార్డు చూడకుండా అందరి ముందూ పరీక్ష చేసి జబ్బు పేరు చెప్పాలి. ఆ తరవాతే కార్డు తెరుస్తారు, ఫిల్ము చూపిస్తారు. చాలా ఏళ్లుగా అధ్యక్షుడు నలభై ఒకటో నంబరే.

"బుధవారం నన్ను తీసుకెళ్లండి" అని ఆమె డాక్టరమ్మతో అంది.

డాక్టరమ్మ మొహం పాలిపోయింది. "నా పరీక్ష పేపర్లు దిద్దేది ఆయనే."

"నా చేతులు దిద్దింది కూడా ఆయనే."

డాక్టరమ్మ సరేనంది. కార్డు సంగతి ఆడపడుచు చూసుకుంది. "దీన్ని దొంగతనం అనరు వదినా. రికార్డు రూము నేనే. నాకు నేనే చీటీ రాసిచ్చుకున్నా" అంది.

బుధవారం పొద్దున ఆమె నలభై ఒకటో నంబరు కోటుని మామూలుకంటే బాగా ఇస్త్రీ చేసింది. ఆ కోటే వేసుకుని ఆయన హాల్లోకి వచ్చాడు. అరవైమంది దాకా ఉన్నారు. ఆయన మెడ కొలత ఆమెకి తెలుసు. భుజం ఎటు వాలుతుందో తెలుసు. ఆయన ఆమె మొహం చూసి మర్యాదకి నవ్వాడు. గుర్తుపట్టలేదు.

ఆమె చెప్పుకున్నది విన్నాడు. ఆరేళ్ల కిందట చెప్పిన మాటలే చెప్పింది, ఒక్కటీ మార్చలేదు. ఆయన సూది తీశాడు.

"కళ్లు మూసుకో. నొప్పి తెలిస్తే అవునను. తెలియకపోతే కాదను."

గుచ్చాడు. "కాదు." గుచ్చాడు. "కాదు." ఆగాడు. ఆమె కూడా ఆగింది. గుచ్చాడు. "కాదు."

"అమ్మాయ్, తెలియకపోతే, కాదు అని ఎప్పుడు చెప్పాలో నీకెలా తెలిసింది?"

అరవైమందీ నవ్వారు. ఆమె కళ్లు తెరిచింది. ఇది ఆమె కోరుకున్న నవ్వు. ఆరేళ్లు దీనికోసం ఇస్త్రీ చేసింది.

డాక్టరమ్మ ఫిల్ము పెట్టింది. గోడ మీద పుర్రె, మెడ, రంధ్రంలో దిగిన కొసలు, వెన్నులో తెల్లగీత. నవ్వు ముందు వరసలో ఆగింది, వెనక వరసల్లో ఇంకాస్త సేపు సాగి ఆగింది.

ఆయన ఫిల్ము చూశాడు. మూడు, నాలుగు క్షణాలు. ఆ పైన ఇటు తిరిగి తనే నవ్వాడు.

"అందరూ నవ్వారు! అరవైమందిలో ఒక్కరికీ అనుమానం రాలేదా? స్పర్శ వేరు, నొప్పి వేరు అని మొదటి ఏడాదిలో చదవలేదూ? మీకు వల వేశాను, పడ్డారు. ఈ పాఠం జన్మలో మరిచిపోకండి."

చప్పట్లు కొట్టారు.

ఆమెకి ఒళ్లు మండిపోయింది. డాక్టరమ్మ వైపు చూసింది. డాక్టరమ్మ నేల చూస్తోంది. ఆమె మంచం దిగి, మూసిన కార్డు తనే తీసి, ఆ పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది.

"సార్, ఈ వల ఆరేళ్ల కిందట కూడా వేశారు. అప్పుడు పడింది నేను."

ఆయన చదివాడు. తన చేతిరాత. తన సంతకం. కార్డు మూసేశాడు.

"దీనిమీద గీత కొట్టండి సార్" అంది ఆమె.

"అది పాత రికార్డమ్మా. రికార్డు దిద్దకూడదు, నిబంధన. కావాలంటే కొత్త పేజీలో రాస్తారు." గొంతు తగ్గించాడు. "నీకు మంచి వైద్యం జరుగుతోంది. సంతోషించు." వాచీ చూసుకున్నాడు. సమావేశం ముగిసింది.

సాయంత్రం డాక్టరమ్మ లాండ్రీకి వచ్చింది. "నేను మాట్లాడాల్సింది" అంది.

"మాట్లాడాల్సింది" అంది ఆమె, తల ఎత్తకుండా.

"ఆపరేషను సోమవారానికి రాశాను. వస్తారు కదా?"

"కార్డు మీద గీత చూశాక చెప్తా."

గురువారం నలభై ఒకటో నంబరు కోట్లు నాలుగూ కిందికి వచ్చాయి. ఆమె బల్ల సొరుగులోంచి మార్కింగ్ ఇంకు సీసా, పుల్ల తీసింది. ఆ ఇంకు రాసినప్పుడు టీ మరకలా ఉంటుంది. దాని మీద ఇస్త్రీపెట్టె తగిలితే నల్లబడుతుంది. నల్లబడ్డాక కోటు చిరగాల్సిందే గాని అక్షరం పోదు. ఎడమచెయ్యి మూత తిప్పలేకపోయింది. కుడిచెయ్యి ఇంకా మాట వింటోంది. నాలుగు కాలర్లలోనూ 41 కింద అదే సైజులో రాసింది. నటన. ఒక్కో కాలరు మీదా ఇస్త్రీపెట్టె ఆనించి పదిదాకా లెక్కపెట్టింది.

ఆ మూటలోనే డెబ్భై మూడు కూడా ఉంది. పుల్ల ముంచింది. కాలరు తిప్పింది. సోమవారం తన మెడ వెనక కోత పెట్టేటప్పుడు పక్కన నిలబడేది ఈ పిల్ల. పుల్ల తుడిచి సీసా మూత పెట్టింది. పగకైనా ఒక వరస ఉంటుంది.

శుక్రవారం ఏమీ జరగలేదు. డాక్టర్ల గదిలో కోట్లు వరసగా మేకులకి వేలాడతాయి, కాలర్లు బయటికి. శనివారం పొద్దున ఒక విద్యార్థి ఆయనకి కోటు అందిస్తూ, "సార్, ఇది ఏ విభాగం గుర్తు?" అని అడిగాడట. గదిలో ఎనిమిదిమంది ఉన్నారట. ఆడపడుచు పరుగున వచ్చి చెప్పి పోయింది. "వస్తున్నాడు వదినా, మెట్లు దిగుతున్నాడు. లిఫ్టు కోసం కూడా ఆగలేదు."

ఆయన లాండ్రీలోకి రావడం అదే మొదటిసారి. ఆవిరికి కళ్లద్దాలు మసకబారాయి. తుడుచుకున్నాడు. బాబాయి, ముగ్గురు ఆడవాళ్లు పనులాపి చూస్తున్నారు. ఆయన కోటు ఆమె బల్ల మీద పడేశాడు.

"ఎవరు రాశారిది?"

"నేనే సార్."

"తీసెయ్."

"పోదు సార్. మార్కింగ్ ఇంకు."

"అయితే కొత్త కోట్లియ్యి."

"నంబరు మారదుగా సార్. వాటికీ ఇదే రాయాలి. ఇది లాండ్రీ రికార్డు. దిద్దకూడదు. నిబంధన."

బాబాయి ఉన్నట్టుండి బాయిలరు వైపు తిరిగి దగ్గాడు.

"నీ ఉద్యోగం ఉంటుందనుకుంటున్నావా?"

"ఫిర్యాదు రాయండి సార్. ఏ మాట రాశానో అది కూడా రాయండి. ఎందుకు రాశానని అడుగుతారు. నేను కార్డు చూపిస్తాను. బుధవారం వల సంగతి కూడా చెప్తాను. అరవైమంది సాక్షులు."

ఆయన చుట్టూ చూశాడు. ప్రెస్సు ఆవిరి వదిలింది.

"ఏం కావాలి నీకు?"

ఆడపడుచు మళ్లీ తెచ్చిచ్చిన కార్డుని ఆమె సొరుగులోంచి తీసింది. "గీత. పక్కన అసలు జబ్బు పేరు. కింద మీ సంతకం, ఇవాల్టి తేదీ."

"ఇక్కడా?"

"అప్పుడు పదకొండుమంది ముందు రాశారు. ఇక్కడ అయిదుగురమే ఉన్నాం. మీకే లాభం సార్."

ఆయన పెన్ను తీశాడు. ఇస్త్రీ బల్ల మీది మెత్తకి కాగితం లోపలికి దిగి పెన్ను సాగలేదు. ఆమె గుండీల డబ్బా మూత తెచ్చి కింద పెట్టింది. ఆయన వంగి గీత కొట్టాడు. జబ్బు పేరు రాశాడు. రాసి ఆగాడు.

"సంతకం" అంది ఆమె.

సంతకం పెట్టాడు.

ఆమె ఆ పేజీ వెలుతురుకి పట్టి చదివింది. బాబాయికి ఇచ్చింది. బాబాయి చదివి పక్కామెకిచ్చాడు. అది అందరి చేతులూ తిరిగి మళ్లీ ఆమె దగ్గరికి వచ్చేదాకా ఆయన నిలబడే ఉన్నాడు.

"మరి ఇది?" అన్నాడు కోటు చూపించి.

ఆమె కోటు పరిచి, స్కేలు పెట్టి, కాలరు మీది మాటకి అడ్డంగా ఒక గీత గీసింది. ఇస్త్రీపెట్టె ఆనించి పదిదాకా లెక్కపెట్టింది. గీత నల్లబడింది. గీత కింద నటన అనే మాట శుభ్రంగా చదవడానికొస్తోంది.

"పూర్తిగా తీసెయ్ అన్నాను."

"మీరూ పూర్తిగా తీయలేదుగా సార్. గీతే కొట్టారు. మిగతా మూడూ పంపండి, వాటికీ కొడతాను."

కోటు చేతుల మీద పట్టుకుని వెనక నిలబడింది, విద్యార్థులు పట్టుకున్నట్టు. ఆయన చేతులు దూర్చాడు. కాలరు మెడకి తగలగానే "అబ్బా" అని ఎగిరిపడ్డాడు.

"వేడిగా ఉందా సార్?" అంది ఆమె. "నాకు తెలియదు."

ఆయన మెడ పట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయాడు. అడుగుల చప్పుడు వినపడటం ఆగేదాకా అందరూ బిగబట్టుకున్నారు. ముందు బాబాయి పగలబడి నవ్వాడు, వెనకే ఆడవాళ్లు. ఆపుకుందామని చూసింది గాని ఆమెకీ వచ్చేసింది. మెడ వెనక మేకు దిగింది. బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది.

"ఆపండి, ఆపండి, వదిన తల పట్టుకుంది" అంటూ అంతసేపూ తలుపు చాటున వింటున్న ఆడపడుచు పరిగెత్తుకొచ్చింది.

"ఆపకండే" అంది ఆమె, నొప్పికి కళ్లు గట్టిగా మూసుకుని. "సోమవారం దాకా టైముంది."